పాట కొన్నవానికి దక్కినదేమి? గ్రామఫోను ప్లేటు మొదలు డౌన్‌లోడ్ అంగడి వరకు

పేరాలవారికి చరిత్ర యనగానే ముందుగా 1921వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చును. మునిసిపాలిటీ పేర తమ నెత్తికెక్కిన పన్నుల బరువును మోయజాలక, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు ఇల్లువాకిళ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని సుమారు పదునొకండు మాసములు ఎండకు వానకు ఓర్చి నివసించిరి. ఆ వీరగాథను పెద్దలు పలుమారు వ్రాసియున్నారు. దానిని తిరుగ వ్రాయుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. ఆ కథలో ఇమిడియున్న ఒక చిన్న సంగతిని మాత్రము పాఠకులకు మనవిచేసి ప్రస్తుతాంశమునకు వచ్చెదను.

ఆనాడు మనవారు ఊరు విడిచిపోవునపుడు తమ సామానులను తమ వెంట కొనిపోగలిగిరి. చెంబు, తపేలా, మంచము, కావడిపెట్టె ఎవరివి వారివే. నీవు మా పురమును విడిచిపోయితివి కనుక నీ చెంబులో నీరు నిలువదని ఏ అధికారియు శాసింపజాలడాయెను. వెడలిపోవుటకు స్వేచ్ఛ కలవానికే ఎన్నుకొనుటకును స్వేచ్ఛ ఉండును. తనది తన వెంట రానిచో ఆ స్వేచ్ఛ పేరునకు మాత్రమే. ఈ సూత్రము పురపాలనకే గాక అంగడి వ్యాపారమునకును చెల్లును. అందులో పాటల వ్యాపారమునకు చెల్లినట్లు మరి దేనికిని చెల్లలేదు.

మన గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగుచున్న ఈ ఇరువదియైదేండ్ల కాలములో పాటను కొనెడు పద్ధతి మారినంతగా, అంతకు ముందు నూరేండ్లలో మారలేదని చెప్పినను అతిశయోక్తి కాదు. కావున ఆ మార్పుల చరిత్రను, పోటీ వలన కొనువానికి కలిగిన లాభనష్టములను క్రమముగా పరిశీలింతము.

ప్లేట్ల కాలము

ఎడిసన్ 1877లో ధ్వనిని పట్టి మరల వినిపించు యంత్రమును నిర్మించెను. పదేండ్లకు, 1887లో, ఎమిల్ బెర్లినర్ బల్లపరుపు బిళ్లపై ధ్వనిని ముద్రించు గ్రామఫోనుకు హక్కుపత్రము పొందెను. 1902లో గ్రామఫోను కంపెనీవారి ప్రతినిధి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలగు గాయకుల పాటలు పట్టెను. అప్పటిలో పాట ఇచ్చట పాడినను ప్లేటు జర్మనీ దేశములోని హనోవరులో అచ్చయి ఓడలో తిరిగివచ్చెడిది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారము వెలసిన పిమ్మట ఆ ప్రయాస తప్పినది.

కంపెనీ ఒక్కటే కాదు. జర్మనీ నుండి ఓడియన్ వచ్చినది. ఫ్రాన్సు నుండి పాతే వచ్చినది. ఇచ్చటనే మనము గమనింపదగిన మొదటి సంగతి యున్నది. గ్రామఫోను కంపెనీ ప్లేటులో ముల్లు ప్రక్క ప్రక్కలకు కదలును. పాతేవారి ప్లేటులో పైకి క్రిందికి కదలును. పైగా వారి ప్లేటు నడిమి నుండి మొదలై అంచునకు నడచెడిది. అందుచేత ఒకరి ప్లేటు మరియొకరి యంత్రముపై సరిగా పలుకదు. పాతే యంత్రము కొన్నవాడు పాతే ప్లేట్లే కొనవలయును. అంగడిలో మరియొకరి మంచి పాట యున్నను వానికి పనికిరాదు. కాలక్రమమున పాతేవారును ఈ పద్ధతిని విడువవలసి వచ్చినది.

ఓడియన్ ప్లేటు మాత్రము గ్రామఫోను కంపెనీ యంత్రముపైనను చక్కగా పలికెడిది. దక్షిణదేశమున ఓడియన్ ప్లేట్ల వ్యాపారమును మద్రాసులోని సరస్వతీ స్టోర్సువారు నడపిరి. అనంతరము చలనచిత్ర నిర్మాతగా ప్రఖ్యాతుడైన ఏ. వి. మెయ్యప్పన్‌గారు అందులో ఒక భాగస్వామి. తెలుగు రంగస్థల నటుల పద్యములు, హరికథలు, కీర్తనలు ప్లేట్లకెక్కి పల్లెలకు వచ్చినవి. ఒక ప్రక్కకు మూడు, మూడున్నర నిమిషములే కాలము. రాగమెంత సాగదీయు నటుడైనను ఆ గడువులో పద్యము ముగింపవలసినదే. ఊరిలో ఒక్క మోతుబరి యింట పెట్టె యుండిన చాలును, వాడకట్టు వారెల్లరును అరుగుపై చేరి వినెడివారు. ఏ కంపెనీ ప్లేటైనను ఆ పెట్టె పలికెడిది. ఇరుగువారికి ఎరువిచ్చినను, అమ్మినను, కుమార్తెతో అత్తవారింటికి పంపినను అడిగెడివాడు లేడు.

అయితే పోటీ చిరకాలము నిలువలేదు. 1931లో ఇంగ్లాండున గ్రామఫోను కంపెనీయు కొలంబియాయు కలిసి ఈఎంఐ యను ఒక్క సంస్థ అయినవి. ఓడియనును నడపు జర్మను సంస్థను కొలంబియా అంతకు ముందే కొనియుండెను. కుక్క బొమ్మ ఒక ప్లేటుపై, మరియొక గుర్తు ఇంకొక ప్లేటుపై కనబడుచుండెను గాని వెనుకనున్న యజమాని ఒక్కడే. పేర్లు అనేకములైనంత మాత్రమున పోటీ యున్నదని భ్రమపడరాదను పాఠమును ఇందువలన నేర్చుకొనవచ్చును.

1948లో అమెరికాలో కొలంబియావారు నిమిషమునకు ముప్పదిమూడు చుట్లు తిరుగు పెద్ద ప్లేటును, 1949లో ఆర్‌సీఏవారు నలువదియైదు చుట్ల చిన్న ప్లేటును తెచ్చిరి. ఏది కొనవలయునో తెలియక జనులు కొంతకాలము రెంటిని మానుకొనిరి. తుదకు అన్ని వేగములను తిప్పగల యంత్రము వచ్చి తగవు తీర్చినది. ఇది రెండవ పాఠము. కొనువాడు పెక్కుమార్లు తన అసమ్మతిని మాటతో గాక, కొనకుండుటతో తెలుపును.

ఇంతలో 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. పాట కొనకయే వినవచ్చునను అలవాటు మనకు అప్పటినుండి గట్టిపడినది.

క్యాసెట్టు తెచ్చిన మార్పు

ఫిలిప్స్ కంపెనీవారు 1963లో క్యాసెట్టును లోకమునకు చూపిరి. దాని నిర్మాణమును ఇతర కంపెనీలును వాడుకొనుటకు వారు సమ్మతించుటచే ఏ క్యాసెట్టైనను ఏ టేపురికార్డరులోనైనను ఆడెడిది. ప్లేటు అచ్చువేయుటకు పెద్ద కర్మాగారము కావలయును. క్యాసెట్టు నింపుటకు ఒక గది చాలును. ఏకఛత్రాధిపత్యము చెదరుటకు ఇదియే కారణము. 1983లో గుల్షన్ కుమార్ స్థాపించిన సూపర్ క్యాసెట్స్, అనగా టీ సిరీస్, తక్కువ ధరకు క్యాసెట్లు విడిచి ఉత్తరదేశమున పాతకాపులను కదిలించినది. 1957 నాటి కాపీరైటు చట్టము ఒక పాట వెలువడిన రెండేండ్లకు, నోటీసును రాయల్టీని ఇచ్చి, ఆ పాటనే వేరొక గొంతుతో ముద్రించుకొనుటకు త్రోవ విడిచినది. ఆ త్రోవను వ్యాపారులు రాజమార్గముగా చేసికొనిరి. తెలుగున లహరి, ఆదిత్య మొదలగు సంస్థలు చలనచిత్ర గీతముల హక్కులు కొనుచు ఎదిగినవి. పాత గ్రామఫోను కంపెనీయే 2000లో సరిగమ యను పేరు దాల్చినది.

మన ప్రాంతపు పట్టణములలో ఆనాడు వీధికొకటిగా వెలసిన రికార్డింగు సెంటర్లను మరువరాదు. ఒక ఖాళీ క్యాసెట్టును, కాగితముపై పాటల పట్టికను ఇచ్చినచో మరునాటి సాయంకాలమునకు నింపి ఇచ్చెడివారు. ఒక చిత్రములోని ఒక పాట, మరియొక చిత్రములోని రెండు, నడుమ ఒక పద్యము. ఇది చట్టసమ్మతము కాదు. పాట కట్టినవానికి, వ్రాసినవానికి, పాడినవానికి చిల్లిగవ్వయు ముట్టలేదు. అయినను ఇందులో ఒక సత్యము దాగియున్నది. కొనువాడు కోరినది పదిపాటల కట్టను కాదు. తనకు నచ్చిన ఒక్క పాటను. ఈ కోరికను పెద్ద కంపెనీలు ఇరువదియేండ్లు పెడచెవిని పెట్టినవి. డౌన్‌లోడ్ అంగడి పుట్టుటకు మూలము ఈ కోరికయే.

పాటకు తాళము

1982లో సీడీ వచ్చినప్పుడు పాట అంకెలరూపము దాల్చినది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారి కృషి ఫలితముగా, ఆ అంకెల మూటను సుమారు పదవవంతునకు కుదించు పద్ధతి సిద్ధమై, 1995లో ఎంపీ3 యను పేరు పొందినది. 1999లో నాప్‌స్టర్ బయలుదేరి, ఒకరి కంప్యూటరులోని పాటలను మరియొకరు ఉచితముగా తీసికొను ఏర్పాటు చేసెను. న్యాయస్థానముల తీర్పుచే అది 2001లో మూతబడినది. మనవైపున బజారులలో నూరేసి పాటలు నింపిన దొంగ ఎంపీ3 సీడీలు కుప్పలుగా అమ్ముడుపోయినవి.

ధర్మముగా పాటలమ్మిన అంగళ్లును లేకపోలేదు. ఈమ్యూజిక్ సంస్థ 1998 నుండియే తాళములేని ఎంపీ3 పాటలను అమ్మినది. కాని పెద్ద కంపెనీలు తమ పాటలను వారికీయలేదు. 2003 ఏప్రిల్ 28న ఆపిల్ కంపెనీవారు అమెరికాలో ఐట్యూన్స్ అంగడి తెరచిరి. రెండు లక్షల పాటలు. ఏ పాటకైనను తొంబదితొమ్మిది సెంట్లు. మొదటి వారములోనే పది లక్షల పాటలు అమ్ముడుపోయినవి. రికార్డింగు సెంటరు ముందు పట్టిక పట్టుకొని నిలుచున్న మన కుర్రవాని కోరిక అమెరికాలో చట్టసమ్మతముగా తీరినట్లయినది.

కాని ఆ పాటకు ఒక తాళము వేసియుండిరి. అంగడి నుండి దింపుకొనిన పాట ఆపిల్ వారి ఐపాడ్‌లో పలుకును. ఇతరుల యంత్రములలో పలుకదు. మైక్రోసాఫ్ట్ వారి తాళము వేసిన పాటలు ఐపాడ్‌లో పలుకవు. 2004లో రియల్‌నెట్‌వర్క్స్ అను సంస్థ తన పాటలు ఐపాడ్‌లోను పలుకునట్లు ఒక ఉపాయము పన్నగా ఆపిల్ తీవ్రముగా ఆక్షేపించి ఆ త్రోవను మూసివేసెను. నూరేండ్లనాటి పాతే ప్లేటు కథయే మరల నడచినది. పాతే ప్లేటునకు ముల్లు అడ్డు. ఇచ్చట తాళము అడ్డు. ముల్లుది యంత్రనిర్మాణములోని భేదము. తాళమో బుద్ధిపూర్వకముగా వేసినది.

దీని ఫలితమేమి? పదిపాటలు కొన్నవానికి అంగడి మారుట సులభము. వేయి పాటలు కొన్నవానికి అంగడి మారుట యనగా వేయి పాటలను నీళ్లలో విడుచుటయే. ఎంత ఎక్కువ కొన్న అంత గట్టి బంధనము. పోటీ మొదటి పాట అమ్ముటకే గాని, నూరవ పాట అమ్ముటకు లేదు. 2008లో మైక్రోసాఫ్ట్, తాను మూసివేసిన ఎంఎస్ఎన్ సంగీతపు అంగడిలో పూర్వము పాటలు కొన్నవారికి ఆ యేటి ఆగస్టు పిమ్మట క్రొత్త తాళపుచెవులు ఈయబోమని ప్రకటించెను. అనగా కొన్నవాడు కంప్యూటరు మార్చిన నాడు తన పాటలు మూగవోవును. జనులు గగ్గోలు పెట్టగా ఆ గడువును 2011 వరకు పొడిగించిరి. ఈ వ్యాసకర్తయు ఒక అంగడిలో సొమ్మిచ్చి కొన్న పాటలను కంప్యూటరుతో పాటు పోగొట్టుకొనినవాడే. రసీదులు మాత్రము భద్రముగా నున్నవి.

తాళమును తీయించినది ఎవరు? కొంతవరకు ప్రభుత్వములు. ఫ్రాన్సు 2006లో ఈ విషయమై చట్టము చేసెను. నార్వే దేశపు వినియోగదారుల అధికారి ఆపిల్‌ను ప్రశ్నించెను. కాని ముఖ్యముగా తీయించినది పోటీయే. ఆపిల్ అంగడి నానాటికి బలపడి పాట ధరను తానే శాసించుట పాటల కంపెనీలకు కంటకమైనది. 2007 సెప్టెంబరులో అమెజాన్ తాళములేని పాటల అంగడి తెరచినపుడు, ఆపిల్‌కు ఒక ప్రత్యర్థి యుండవలెనను తలంపుతో పెద్ద కంపెనీలు నాలుగును 2008 జనవరి నాటికి తమ పాటలను అమెజానుకు ఇచ్చినవి. 2009 జనవరిలో ఆపిల్ కూడ సంగీతమునకు తాళము తీసివేయ నిశ్చయించెను. దానికి బదులుగా ఒకే ధర పోయి అరువదితొమ్మిది, తొంబదితొమ్మిది, నూటయిరువదితొమ్మిది సెంట్లను మూడు ధరలు వచ్చినవి. కొనువానికి స్వేచ్ఛ వచ్చినది. క్రొత్త పాట ధరయు పెరిగినది. పోటీ ఎల్లప్పుడు ధరను తగ్గించునని తలంచుట పొరపాటు. ఒక్కొక్కప్పుడు అది ధరను పెంచి, సంకెల విప్పును.

మన దేశపు అంగళ్లు

ఈ పోటీ మన దేశమునకు ఆలస్యముగా వచ్చి త్వరగా పోయినది. 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ సంస్థ ఫ్లైట్ అను పాటల అంగడి తెరచెను. తాళములేని ఎంపీ3 పాట ఆరు రూపాయల నుండి లభించెను. ఆ సంవత్సరమే డిసెంబరు 4న ఐట్యూన్స్ అంగడి భారతదేశమున ప్రారంభమైనది. ఇద్దరు వర్తకులు, రూపాయలలో ధరలు, భారతీయ భాషల పాటలు. కొనువానికి స్వర్ణయుగము వచ్చినదనుకొనిరి. 2013 జూనులో ఫ్లైట్ మూతబడినది. అప్పటికి దాని వయస్సు ఏడాదిన్నరయు లేదు. చిల్లర మొత్తములు చెల్లించుటకు సులభమైన ఏర్పాటు లేకపోవుట, దొంగపాటల బెడద తమ వైఫల్యమునకు కారణములని వారు చెప్పిరి.

ఆ మాట నిజమే. ఆరు రూపాయల పాటకు బ్యాంకు కార్డు అంకెలు, గడువు తేదీ, రహస్యసంఖ్య నింపవలసియుండగా, బస్టాండు ప్రక్కనున్న సెల్‌ఫోను దుకాణమువాడు పది యిరువది రూపాయలకు మెమరీకార్డు నిండ పాటలు పోసి ఇచ్చెడివాడు. అతని యొద్ద ఎన్నుకొనుటకు అలసటయు లేదు. పాతవి క్రొత్తవి అన్నియు వచ్చి పడెడివి. ఆ రోజులలోనే మరియొక వింత జరిగినది. ఆరు రూపాయలిచ్చి పాటను శాశ్వతముగా ఇంటికి తెచ్చుకొనని జనులే, నెలనెలా సొమ్ము చెల్లించి కాలరు ట్యూను పెట్టించుకొనిరి. ఆ పాటను పెట్టించుకొన్నవాడు వినడు. అతనికి ఫోను చేసినవాడు వినును. సొమ్ము ఫోను ఖాతాలో తనంతట తాను కోతపడుటయే ఈ తేడాకు ముఖ్యకారణము. అంగడిలో సరుకు ధర కన్న, సొమ్ము చెల్లించు శ్రమయే కొనువానిని వెనుకకు లాగునని దీనివలన తెలియుచున్నది.

అద్దెకు వచ్చిన పాట

2010లో గానా, 2014లో ఎయిర్‌టెల్ వారి వింక్ వెలసినవి. అంతకు మునుపే సావన్ యుండెను. 2016 సెప్టెంబరులో జియో రాకతో అంతర్జాలపు ధర ఒక్కపెట్టున పడిపోయినది. 2018లో సావన్ జియోతో కలిసి జియోసావన్ అయినది. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై, మరుమాసమున యూట్యూబ్ మ్యూజిక్ మన దేశమునకు వచ్చినవి. ఇవి పాటను అమ్ముటకు గాక వినిపించుటకు పెట్టిన సంస్థలు. ఒక పూట కాఫీ ఫలహారముల ఖర్చుతో నెలపొడుగున కోట్ల పాటలు వినవచ్చును. ప్రకటనలు సహించువానికి పలుచోట్ల ఉచితము. దీనిని తీసిపారవేయరాదు. మోతుబరి అరుగుపై చేరి వినిన జనుల మనుమలు, నేడు తమ జేబులో అంతకు వేయిరెట్లు సంగీతమును మోయుచున్నారు. పైగా దొంగ సీడీల కాలముకన్న ఇప్పుడు పాట కర్తలకు కొంతయైనను ముట్టుచున్నది. గీతకర్తల, స్వరకర్తల రాయల్టీ హక్కును కాపాడుటకు 2012లో చట్టమును సవరించిరి.

అయినను ప్రశ్న ఒకటి మిగిలియున్నది. స్పాటిఫై మన దేశమున అడుగిడిన 2019లో సరిగమవారితో తగవు కలుగుటచే వారి పాటలు అందులో లేవు. 2020లో ఒప్పందము కుదిరిన పిదప వచ్చినవి. ఘంటసాల, సుశీల గార్ల పాతపాటలలో పెక్కింటి హక్కులు ఆ సంస్థవే. అనగా ఇద్దరు వర్తకుల తగవులో వినువాని ఘంటసాల ఏడాదికాలము ఎటో పోయెను. 2024లో ఎయిర్‌టెల్ వారు వింక్ సంగీతమును మూసివేయుచున్నట్లు ప్రకటించిరి. ఏండ్ల తరబడి అందు కూర్చుకొన్న పాటల పట్టికలు అట్టివారికి ఏపాటి ఆస్తి? మరియొక ప్రక్క 2017లో సరిగమవారు అయిదువేల పాత హిందీ పాటలను ముందే నింపిన కారవాన్ అను పెట్టెను అమ్మకమునకు పెట్టగా, పెద్దవారు ఎగబడి కొనిరి. కోట్ల పాటలు ఉచితముగా దొరకు కాలములో ఈ పెట్టె అమ్ముడగుటకు కారణమును ఆలోచింపుడు. వారు కొన్నది పాటలను మాత్రమే కాదు; ఎవరును వచ్చి తీసికొనిపోలేరను నిశ్చింతను.

గ్రంథాలయము చేయదగిన పని

ఈ చరిత్ర వలన కొనువాడు నేర్వదగిన ప్రశ్నలు మూడు. నేను కొన్నది వేరు యంత్రములో పలుకునా? అంగడి మూతబడిన నాడు నా యొద్ద నిలుచునా? నా తదనంతరము నావారికి చెందునా? గ్రామఫోను ప్లేటు ఈ మూడింటికిని చాలవరకు అవునని చెప్పెను. తాళము వేసిన పాట మూడింటికిని కాదని చెప్పెను. తాళము తీసిన పాట మొదటి రెంటికి అవునని చెప్పెను. అద్దెపాట ఈ ప్రశ్నలనే అడుగవలదనుచున్నది. అద్దెయిల్లు చెడ్డదని ఎవరును అనరు. కాని ఊరిలో అన్నియు అద్దెయిండ్లే అయి, ఇండ్లవారు నలుగురే అయినపుడు, ఖాళీచేయుమని వారనిన రోజున పోవలసిన రామనగరమేది?

పోటీలోనున్న అంగళ్లు లాభము వచ్చు పాటలను నిలుపును. లాభము రాని పాటల గతి యేమి? మన తాతలు ప్లేట్లపై విన్న నాటక పద్యములు, హరికథలు, పల్లెపాటల క్యాసెట్లు ఎన్నియో ఏ అంగడిలోను లేవు. అటకలపై, ఇనుపపెట్టెలలో బూజు పట్టుచున్నవి. అచ్చట పోటీయు లేదు, కొనువాడును లేడు. ఆ లోటును తీర్చవలసినది గ్రంథాలయమే. మన పొరుగున వేటపాలెములో 1918లో పుట్టిన సారస్వత నికేతనము, అమ్ముడుపోని పాత పత్రికలను సైతము భద్రపరచియుండుట చేతనే నేడు దూరదేశపు పరిశోధకులు దాని వాకిటికి వచ్చుచున్నారు.

చట్టమును ఇచ్చట కొంత అనుకూలమే. మన దేశమున ఒక ధ్వనిముద్రణపై హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరము నుండి అరువదియేండ్లకు తీరిపోవును. అందలి పద్యమును వ్రాసిన కవి హక్కు ఆయన నిర్యాణానంతరము అరువది సంవత్సరములు నిలుచును. ఈ రెండు గడువులును దాటిన ప్లేట్లు ప్రజలందరి సొత్తు. కావున సభ్యులకు నా విన్నపమిది. మీ యింట పాత ప్లేట్లు, క్యాసెట్లు ఉన్నచో పాతసామానులవానికి వేయకుడు. గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. ఏ ప్లేటు ఎవరిది, ఏ యేటిది, ఎవరి యింటి నుండి వచ్చినది అను వివరములతో ఒక పట్టిక వ్రాయించి, గడువు తీరినవానిని తాళములేని అంకెలరూపమునకు మార్పించి పదిలపరచినచో, స్వర్ణోత్సవము నాటి పిల్లలు తమ ముత్తాతలు విన్న గొంతును వినగలుగుదురు.

1921లో రామనగరమునకు తరలిన మన పెద్దలు తుదకు ఇండ్లకు మరలి వచ్చిరి. వచ్చునపుడును తమ చెంబు తపేలాలను తామే మోసికొని వచ్చిరి. తనది తన వెంట నడచినంత కాలము మనుష్యుడు ఎచ్చటికైనను పోగలడు, ఎవరినైనను కాదనగలడు. పుస్తకమును ఇంటికిచ్చి మరల పుచ్చుకొని, ఏ యజమానికిని దాసోహమనక ఇరువదియైదేండ్లు నడచిన ఈ గ్రంథాలయము, పాట విషయమునను ఆ ధర్మమునే పాటించి వర్ధిల్లుగాక యని కోరుచు విరమించుచున్నాను.